పగకు తుపాకి అందించునది ఎవరు?

ఖమ్మం మైదానము ముగిసి అడవి మొదలగు చోట ఏన్కూరు ఉన్నది. తల్లాడ నుండి కొత్తగూడెం పోవు బాట ఏన్కూరును, జూలూరుపాడును దాటుకొని సాగును. 2016 అక్టోబరులో జిల్లాలను విభజించినప్పుడు ఏన్కూరు ఖమ్మం జిల్లాలో నిలిచినది. జూలూరుపాడు, చండ్రుగొండ మండలములు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినవి. అడవి మాత్రము ఆ గీతకు ఇరువైపుల ఒక్కటే. కోయలు, లంబాడీలు, మైదానము నుండి వచ్చిన రైతులు, ఛత్తీస్‌గఢ్ నుండి తరలి వచ్చిన గొత్తికోయలు ఈ అడవి అంచునే బ్రతుకుచున్నారు.

గడచిన ఇరువది సంవత్సరములలో ఈ సరిహద్దుకు ఇటు నటు జరిగిన హత్యలను, వాని వెంట పుట్టిన ప్రతీకారములను పరిశీలించినచో ఒక ప్రశ్న మాటిమాటికి ఎదురగుచున్నది. ప్రాణమిత్రుని పోగొట్టుకొన్న యువకునికి పగ కలుగుట సహజము. ఆ పగ వానిదే. కాని వాని చేతికి వచ్చు ఆయుధము సాధారణముగా వానిది కాదు. దానిని మరియొకరు అందించుచున్నారు. అందించువారు ఎవరు, ఏ న్యాయమును చూపి అందించుచున్నారు, పని ముగిసిన పిమ్మట ఆ యువకుని ఏమి చేయుచున్నారు అనునవి విచారింపదగిన విషయములు.

ముందుగా ఈ ప్రాంతమునందే, ఒకే సంవత్సరములో జరిగిన రెండు హత్యలను తీసుకొనవచ్చును. 2022 ఆగస్టు 15వ తేదీన ఖమ్మం గ్రామీణ మండలములోని తెల్దారుపల్లిలో రాజకీయ నాయకుడు తమ్మినేని కృష్ణయ్యను పట్టపగలు నరికి చంపినారు. స్వాతంత్ర్య దినోత్సవ పతాకమును ఎగురవేసి ఇంటికి మరలుచుండగా ఆ ఘాతుకము జరిగినది. వార్త తెలిసిన వెంటనే ఆయన అనుచరులు ఆగ్రహావేశములతో తాము అనుమానించిన వారి ఇంటిపై దాడి చేసినారు. మూడు నెలలు గడచిన పిమ్మట, నవంబరు 22వ తేదీన, చండ్రుగొండ మండలము బెండాలపాడు సమీపములోని ఎర్రబోడు అడవిలో అటవీ రేంజి అధికారి శ్రీనివాసరావుపై దాడి జరిగినది. అటవీ శాఖ నాటిన మొక్కల విషయమై కలిగిన వివాదములో ఇద్దరు గొత్తికోయలు ఆయనను పదునైన ఆయుధములతో కొట్టగా ఆయన ప్రాణములు కోల్పోయినారు. విధి నిర్వహణలో మరణించిన ఆ అధికారి కూడ ఖమ్మం జిల్లావారే.

ఈ రెండు హత్యలలో దుఃఖము సమానము. రెండింటి వెంట వచ్చిన ప్రతీకార భావము మాత్రము ఒకే రీతిగా నడువలేదు. తెల్దారుపల్లిలో ఆగ్రహము కొందరు వ్యక్తుల ఇండ్ల వరకు పోయి ఆగినది. అది తప్పే, ఐనను దానికొక హద్దు ఉండినది. ఆ హత్యకు బాధ్యులని అనుమానింపబడిన వారి కులము వారందరును, పార్టీ వారందరును జిల్లాను విడిచి పోవలెనని ఎవరును తీర్మానము చేయలేదు. ఎర్రబోడు హత్యకు పిమ్మట జరిగినది వేరు. అటవీ సిబ్బంది తమకు తుపాకులు ఇచ్చినగాని అడవిలో అడుగు పెట్టలేమని అన్నారు. తోటి ఉద్యోగిని పోగొట్టుకొన్న వారి భయమును తక్కువ చేయుటకు వీలు లేదు. కాని బెండాలపాడు గ్రామసభ ఇంకొక అడుగు ముందుకు వేసినది. గొత్తికోయలను తిరిగి ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయవలెనని తీర్మానించినది. చంపిన చేతులు ఇద్దరివి. శిక్ష కోరినది మొత్తము గూడెమునకు. అందులో స్త్రీలు, ముదుసలులు, ఈ నేల మీదనే పుట్టిన పసిబిడ్డలు కూడ ఉన్నారు.

ఇక్కడ న్యాయస్థానము చేసిన పని గమనింపదగినది. నేరము జరిగిన తొమ్మిది నెలలలోపుననే, 2023 ఆగస్టులో, కొత్తగూడెం న్యాయస్థానము ఆ ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించినది. నిందితులు ఏ తెగవారు, ఎచ్చటి నుండి వచ్చినారు అనునది న్యాయస్థానమునకు ప్రశ్న కాదు. ఎవరు కొట్టినారు, దానికి సాక్ష్యమేమి అనునదే ప్రశ్న. పగకును శిక్షకును గల భేదమంతయు ఇందులోనే ఉన్నది. పగ ఒక మనిషి కొరకు బయలుదేరి వాని వంశమును, గూడెమును, తెగను చుట్టబెట్టును. శిక్ష చేయి చేసిన వానిని ఒక్కని పట్టుకొని మిగిలినవారిని విడిచిపెట్టును. శిక్ష ఆలస్యమైనకొలది పగకు బలము పెరుగును; తొమ్మిది నెలలలో తీర్పు వచ్చినచో దానికి చోటు తగ్గును. మన దేశములో హత్యాభియోగములు సంవత్సరముల తరబడి సాగుట అందరికిని తెలిసినదే కనుక ఈ ఉదాహరణను ప్రత్యేకముగా చెప్పుకొనవలసి ఉన్నది.

పగ తన హద్దును తాను దాటునన్న సత్యమును ప్రాచీన మహాకవులు బాగుగా ఎరిగియుండిరి. మిత్రుని హత్యకు ప్రతీకారము కోరిన యువవీరుని కథలలో లోకప్రసిద్ధమైనది గ్రీకు మహాకవి హోమరు రచించిన ఇలియడ్. రాజుపై అలిగి యుద్ధము మానిన అకిలీస్, తన కవచమును ధరించి పోరాడబోయిన ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ మరణించినాడని విని మరల ఆయుధము పట్టినాడు. మిత్రుని చంపిన హెక్టరును చంపినాడు. కథ అక్కడ ముగియవలసినది, కాని ముగియలేదు. హెక్టరు శవమును రథమునకు కట్టి ఈడ్చినాడు. అది చాలక పాట్రోక్లసు చితి వద్ద పన్నెండుగురు ట్రోజను యువకులను బలి ఇచ్చినాడు. ఆ పన్నెండుగురిలో ఒక్కడును పాట్రోక్లసును చంపినవాడు కాడు. శత్రువుల ఊరిలో పుట్టుట తప్ప వారు చేసిన నేరము లేదు. హోమరు ఈ వీరుని గొప్పతనమును దాచలేదు. అతని క్రౌర్యమును కూడ దాచలేదు.

మన భారతమునందును ఇదే సత్యము కనబడును. తిక్కన తెనిగించిన సౌప్తిక పర్వములో అశ్వత్థామ పగ రెండు విధములది. అధర్మముగా కూల్చబడిన తండ్రి ద్రోణుడు ఒకవైపు, తొడలు విరిగి పడియున్న రాజు, మిత్రుడు దుర్యోధనుడు మరియొకవైపు. ద్రోణుని తల నరికినవాడు ధృష్టద్యుమ్నుడు. కాని ఆ రాత్రి శిబిరములో నిద్రించుచున్న ద్రౌపది కుమారులైదుగురును అశ్వత్థామ చేతిలో మడిసినారు. ఆ పిమ్మట అతని అస్త్రము ఉత్తర గర్భములోని శిశువును గురిచేసికొన్నది. పగకు వయసుతో నిమిత్తము లేదనుటకు ఇంతకంటె కఠినమైన నిదర్శనము దొరకదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో సంధి మాటలకు పోయిన అలరాజు విషప్రయోగముచే మరణించుటతో యుద్ధము తప్పనిదైనది. యువకుడైన బాలచంద్రుడు కారెంపూడి రణభూమికి తరలినాడు. నేటికిని కారెంపూడిలో ప్రతి కార్తికమున ఆ వీరులకు ఉత్సవము జరుగుచున్నది. తెలుగువారు ఆ బాలుని శౌర్యమును కీర్తించుదురు. ఆ యుద్ధములో ఉభయపక్షముల వీరులును నశించిరన్న సంగతిని అదే కథ చెప్పుచున్నను అంతగా తలచుకొనరు.

పురాతన కథలలో వీరుడు తన పగను తానే తీర్చుకొనును. ఆధునిక కాలములో వచ్చిన మార్పు ఏమనగా, ఆ పగను సంస్థలు సమీకరించుట నేర్చినవి. ఏన్కూరు అడవులకు ఈశాన్యముగా, గోదావరికి ఆవల ఉన్న బస్తరు ఇందుకు నిదర్శనము. 2005లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైనది. మావోయిస్టులకు వ్యతిరేకముగా ప్రజలు తామై లేచిన శాంతి ఉద్యమమని ప్రభుత్వము దానిని వర్ణించినది. కాంగ్రెసు నాయకుడు మహేంద్ర కర్మ దానికి సారథ్యము వహించినాడు; రాష్ట్రమును పాలించుచున్న భారతీయ జనతా పార్టీ ప్రభుత్వము అండగా నిలిచినది. పల్లెలు తగులబడినవి. జనులు శిబిరములకు తరలింపబడినారు. శిబిరములకు పోవుటకు ఇష్టపడనివారు, మావోయిస్టులతో పోవుటకు కూడ ఇష్టపడనివారు, గోదావరి వైపు నడచి ఖమ్మం, వరంగల్లు అడవులలో గూడెములు కట్టుకొన్నారు. బెండాలపాడు గ్రామసభ తిరిగి పంపవలెనన్న గొత్తికోయల వలసలో పెద్ద భాగము ఈ విధముగా వచ్చినదే. అనగా ఒక చోట పగకు భయపడి పారిపోయినవారు మరియొక చోట మరియొక పగకు గురియైనారు.

ఆ కాలములోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించినది. పేరు అధికారులే గాని నెలకు ఇచ్చినది 3000 రూపాయల గౌరవ వేతనము. అయిదవ తరగతి చదివినవారు ఈ పనికి అర్హులు. శిక్షణ రెండు నెలలు. ఆ రెండు నెలలలోనే తుపాకి పేల్చుట, ప్రథమ చికిత్స, అడవిలో మెలగుట, దానితో పాటు చట్టముల పరిచయము కూడ పూర్తి కావలెను. 2011 నాటికి వీరి సంఖ్య 6500కు చేరినది. ఆదివాసులు అడవిని ఎరుగుదురు, భాష ఎరుగుదురు, మావోయిస్టులలో ఎవరెవరున్నారో గుర్తుపట్టగలరు అని ప్రభుత్వము వాదించినది. మావోయిస్టుల హింసకు బంధువులు బలియైన యువకులు స్వయముగా ముందుకు వచ్చుచున్నారని కూడ చెప్పినది. మిత్రుని చంపినవానిపై పగతో రగులుచున్న యువకుడు ప్రభుత్వము దృష్టిలో ఒక అర్హత కలిగిన అభ్యర్థి ఐనాడు.

నందినీ సుందర్ తదితరులు వేసిన వ్యాజ్యములో 2011 జులై 5వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయమును తాకినది. ఆ ధర్మాసనములో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ఉన్నారు. సుదర్శన్ రెడ్డి రంగారెడ్డి జిల్లాలో పుట్టిన తెలుగువారు. రాజ్యాంగములోని 14వ, 21వ అధికరణములను ఆధారము చేసికొని, చదువు తక్కువగల ఆదివాసి యువకులను ఈ విధముగా సాయుధ పోరాటమునకు వినియోగించుట రాజ్యాంగ విరుద్ధమని ధర్మాసనము నిర్ణయించినది. తుపాకులను వెనుకకు తీసుకొనవలెనని, కేంద్రము ఇట్టి నియామకములకు నిధులు ఇవ్వరాదని ఆదేశించినది.

ఆ తీర్పులో పగను గూర్చిన భాగము పాఠశాలలలో చదివింపదగినది. ఆప్తులను పోగొట్టుకొన్న యువకుని గుండెలో కోపము, ద్వేషము నిండియుండుట ధర్మాసనము కాదనలేదు. అట్టి స్థితిలో ఉన్నవాని చేతికి తుపాకి ఇచ్చి పంపుట వానికి మేలు చేయుట కాదని, వాని మానవత్వమును హరించుట యని భావించినది. దుఃఖములో ఉన్నవానికి కావలసినది ఓదార్పు, రక్షణ, న్యాయము. వాని దుఃఖమును ఇంధనముగా వాడుకొనుటకు రాజ్యమునకు అధికారము లేదు. ధర్మాసనము మరియొక సంగతిని కూడ ముందుగానే ఊహించినది. ఈ యువకుల చేతి నుండి తుపాకిని తీసివేసిన నాడు వారు స్వగ్రామమునకు పోజాలరు, పోయినచో చంపబడుదురు. అందువలననే తుపాకులను వెనుకకు తీసుకొనుమన్న ఉత్తరువులోనే వారికి రక్షణ కల్పింపుమని కూడ ఆదేశించినది. వారిని నిందితులుగా గాక, ఒక విధముగా బాధితులుగా కూడ చూచినది.

తీర్పు వెలువడిన కొలది నెలలకే ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఒక చట్టమును చేసి ఆ యువకులనే సహాయక సాయుధ దళముగా మార్చినది. పేరు మారినది, జీతము పెరిగినది. చేయు పని అంతగా మారలేదు. ఆ చట్టము కోర్టు ధిక్కారము కాదని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చినది. 2025 ఆగస్టులో సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షముల అభ్యర్థిగా నిలిచినప్పుడు కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆ పాత తీర్పును ప్రస్తావించి, అది లేకున్నచో మావోయిస్టు ఉద్యమము ముందే అంతరించియుండెడిదని విమర్శించినారు. విశ్రాంత న్యాయమూర్తులు కొందరు ఆ విమర్శను ఖండించినారు. ఎన్నికలో సుదర్శన్ రెడ్డి ఓడిపోయినారు. తీర్పు వెలువడి పదునాలుగు సంవత్సరములు గడచినను, పగను ఆయుధముగా వాడవచ్చునా అను ప్రశ్న సమసిపోలేదనుటకు ఆ వివాదమే సాక్ష్యము.

హోంమంత్రి విమర్శను తేలికగా తోసివేయుట న్యాయము కాదు. 2010 ఏప్రిల్ 6వ తేదీన తాడిమెట్ల వద్ద మావోయిస్టులు 76 మంది భద్రతా సిబ్బందిని చంపినారు. ఆ జవానులకును మిత్రులుండిరి; ఆ మిత్రుల గుండెలును మండినవి. రాజ్యము తన సైనికుని మరణమును చూచి చేతులు ముడుచుకొని కూర్చుండవలెనని ఎవరును కోరరు. కాని ధర్మాసనము పోరాడవద్దని చెప్పలేదు. పూర్తి శిక్షణ పొందిన, చట్టమునకు జవాబుదారియైన పోలీసుతో పోరాడుమని చెప్పినది. తాడిమెట్ల ఘటన జరిగిన మరుసటి సంవత్సరము, 2011 మార్చిలో, అదే ప్రాంతములో తాడిమెట్ల, మోర్పల్లి, తిమ్మాపురం గ్రామములలో ఇండ్లు తగులబెట్టబడినవి. సుప్రీంకోర్టు ఆ విషయమును కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగింపవలసి వచ్చినది. జవానులను చంపినవారు ఎవరో, ఇండ్లు కాలినవారు ఎవరో అను విచక్షణ మంటలకు లేదు. అకిలీసు చితి వద్ద నిలిచిన పన్నెండుగురు యువకుల స్థితియే ఆ గ్రామస్థులది.

రెండవ పక్షము వారు నిర్దోషులని దీనిని బట్టి తలంపరాదు. మావోయిస్టులు కూడ పగను సమీకరించినారు. ఇల్లు కాలినవానికి, అన్నను పోగొట్టుకొన్నవానికి వారును తుపాకినే చూపినారు. ఇన్‌ఫార్మరు అను ముద్ర వేసి పేద ఆదివాసులను ఊరివారి ఎదుట చంపిన సంఘటనలు భద్రాచలం సరిహద్దు గ్రామములలోను కలవు. ఆ మాట రుజువు కావలెనన్న నియమము లేదు; అప్పీలు లేదు. 2013 మే 25వ తేదీన ఝీరం లోయలో కాంగ్రెసు నాయకుల వాహనశ్రేణిపై దాడి చేసి మహేంద్ర కర్మను చంపినారు. సల్వా జుడుం చేసిన దానికి ప్రతీకారముగా వారు దానిని సమర్థించుకొన్నారు. కాని ఆ దినమున మరణించినవారందరును సల్వా జుడుంతో సంబంధము గలవారు కారు. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడు నందకుమార్ పటేల్, ఆయన కుమారుడు కూడ బలియైనారు. కర్మపై పగ కర్మతో ఆగలేదు.

ఈ ఉభయ సైన్యములలో పోరాడినవారు ఎవరు? రెండు వైపులను ఆదివాసి బిడ్డలే. సుక్మా జిల్లా పువర్తి గ్రామములో పుట్టి బాల్యముననే దళములో చేరిన మాడ్వి హిడ్మా ఒకవైపు నాయకుడైనాడు. లొంగిపోయిన మావోయిస్టులతోను, స్థానిక యువకులతోను ఏర్పడిన జిల్లా రిజర్వు గార్డు మరియొకవైపు నిలిచినది. 2025 జనవరి 6వ తేదీన బీజాపూర్ జిల్లా కుత్రు వద్ద మందుపాతర పేలి ఆ దళమునకు చెందిన ఎనిమిదిమంది, వాహన చోదకుడు మరణించినారు. ఆ ఎనిమిదిమందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టులే యని పోలీసు అధికారులు తెలిపినారు. నిన్నటి సహచరుడు నేటి శత్రువు. నిన్న ఎవని మరణమునకు పగ పట్టినాడో నేడు వాని పక్షమువారి చేతిలోనే మరణించినాడు. పగకు విధేయత యనునది ఏ జెండా పట్లను స్థిరముగా ఉండదు. దానిని వాడుకొన్నవారు మాత్రము తమ జెండాకు అది సేవ చేసినదని లెక్క వ్రాసికొందురు.

ఇలియడ్ కావ్యము ట్రాయి నగరము కూలుటతో ముగియదు. హెక్టరు తండ్రి ప్రయాముడు రాత్రివేళ శత్రు శిబిరమునకు పోయి, తన కుమారుని చంపిన చేతులనే ముద్దాడి, శవమును ఇమ్మని వేడుకొనును. అకిలీసు తన తండ్రిని తలచుకొని కంటతడి పెట్టి శవమును అప్పగించును. అంత్యక్రియల కొరకు పదకొండు దినములు యుద్ధము ఆపుదునని మాట యిచ్చును. పగ చల్లారునది పన్నెండుగురిని బలి ఇచ్చినప్పుడు కాదు, శవమును తిరిగి ఇచ్చినప్పుడు. మూడు వేల సంవత్సరముల నాటి ఈ ఘట్టము నేటి వ్యవహారములకు దూరమైనది కాదు. 2025 మే 21వ తేదీన నారాయణపూర్ అడవులలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు ఎదురుకాల్పులలో మరణించినాడు. శవమును అప్పగించవలెనని బంధువులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించినారు, నారాయణపూర్ వరకు పోయినారు. కాని అంత్యక్రియలను పోలీసులే అక్కడ జరిపించినారు. అదే సంవత్సరము నవంబరు 18వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవులలో మరణించిన హిడ్మా శవమును మాత్రము బంధువులకు ఇచ్చినారు. పువర్తిలో దహనము జరిగినది. హిడ్మా ఎన్ని మరణములకు కారకుడని పోలీసులు చెప్పుదురో అందరికిని తెలిసినదే. ఐనను శవమును ఇచ్చినందువలన రాజ్యము గౌరవము తగ్గలేదు. శవము దక్కని తల్లి దుఃఖమునకు గడువు ఉండదు. గడువు లేని దుఃఖమే పగకు నిలువ నీడ.

గ్రీకులే ఈ ప్రశ్నకు మరియొక సమాధానమును కూడ వెదకినారు. క్రీస్తు పూర్వము 458లో ఎస్కిలస్ రచించిన ఒరెస్టియా నాటకత్రయములో ఒక హత్యకు మరియొక హత్య జవాబుగా సాగి, చివరకు తల్లిని చంపిన కుమారుని పగదేవతలు తరుముకొని వత్తురు. అథీనా దేవి ఏథెన్సు పౌరులతో ఒక న్యాయసభను ఏర్పరచి విచారణ జరిపించును. నిందితుడు విడుదల యగును. పగదేవతలు ఆగ్రహించగా వారిని ఊరి నుండి వెళ్లగొట్టక, ఊరిలోనే పూజార్హమైన స్థానమును ఇచ్చి శాంతింపజేయును. బాధితుని కోపమును అణగద్రొక్కినచో అది భూమిలో దాగి మరల మొలచును. దానికి న్యాయసభలో చోటు ఇచ్చినచో అది పట్టణమునకు కాపు కాయును. విచారణకు పిలువబడి, తన మాట విన్నారన్న నమ్మకము కలిగిన మిత్రుడు కత్తి కొరకు వెదకడు.

ఏన్కూరు చుట్టుపట్ల ఈ చోటు ఇచ్చుట యనగా ఏమి? మొదటిది, హత్య జరిగిన చోట త్వరితమైన విచారణ. ఎర్రబోడు విషయములో అది సాధ్యమైనది కనుక మిగిలిన చోట్లను సాధ్యమే. రెండవది, భూమి. ఈ అడవులలో రక్తపాతమునకు మొదటి కారణము సాధారణముగా పోడు భూమియే. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి ముందు నుండి సాగు చేసికొనుచున్నవారికే హక్కును ఇచ్చుచున్నది. ఆ తేదీకి ఇటు నటు వలస వచ్చిన గొత్తికోయలకు తెలంగాణలో షెడ్యూల్డు తెగల గుర్తింపు కూడ లేదు. 2023లో ప్రభుత్వము పోడు పట్టాలను పంచినప్పుడు వారు బయటనే మిగిలినారు. అడవిని కాపాడుట అటవీ ఉద్యోగి విధి. దున్నక పోయినచో ఆ గూడెమునకు కూడు లేదు. ఆ ఇద్దరిని ఎదురెదురుగా నిలిపినది తమలో ఎవరును చేయని నిర్ణయములు. వారు మరల ఎక్కడ ఉండవలెనో, ఏమి చేసి బ్రతుకవలెనో రెండు రాష్ట్రములును కేంద్రమును కలిసి తేల్చనంత కాలము మరియొక శ్రీనివాసరావు ప్రాణము అపాయములోనే ఉండును.

మూడవది, బడి. పదిహేను, ఇరువది ఏండ్ల బాలురకు చలనచిత్రములు ప్రతి వారము ప్రతీకారమునే వీరధర్మముగా చూపుచున్నవి. మిత్రుని చంపినవానిని చంపుటతో తెర పడును. ఆ మరునాడు చంపబడినవాని మిత్రుడు ఏమి చేసినాడో చూపరు. అశ్వత్థామ కథను, బాలచంద్రుని కథను పాఠముగా చెప్పు ఉపాధ్యాయుడు ఆ మరునాటిని గూర్చి ఒక్క ప్రశ్న అడిగినను విద్యార్థి ఆలోచించును. ద్రౌపది కుమారులైదుగురిలో ద్రోణుని చంపినవాడు ఎవడు? ఎర్రబోడు గూడెములోని పసిబిడ్డలలో ఆ అధికారిని కొట్టినవాడు ఎవడు? ఈ రెండును ఒకే ప్రశ్న.

2026 మార్చి 31వ తేదీని మావోయిస్టు హింసకు ముగింపు గడువుగా కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. 2025 అక్టోబరులో పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు అరువదిమంది సహచరులతో గడ్చిరోలిలో లొంగిపోయినాడు. నాయకులు మరణించినను, లొంగిపోయినను, తుపాకి పట్టిన వేలాది యువకులు ఉభయపక్షములలోను మిగిలియే ఉందురు. వారిలో ప్రతివానికిని ఒక చనిపోయిన మిత్రుడున్నాడు. ఆ మిత్రుని చంపినవాడు పొరుగు పల్లెలోనే ఉండవచ్చును. వారపు సంతలో ఎదురుపడవచ్చును. తుపాకిని వెనుకకు తీసుకొన్న పిమ్మట ఆ యువకులకు ఎవరు రక్షణ, వారి దుఃఖమునకు ఎవరు జవాబుదారులు అని 2011లో సుప్రీంకోర్టు అడిగినది. గడువు తేదీలు దాటవచ్చును. ఆ ప్రశ్నకు ఉభయపక్షముల పెద్దలును సమాధానము చెప్పవలసియే ఉన్నది. ఇచ్చిన తుపాకులకు లెక్క ఉన్నది. వానిని అందుకొన్న యువకులకు కూడ లెక్క ఉండవలెను.